జెండాతో ఊరి పేరు ఎలా చెబుతారు?

ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు. ఈ ఊళ్లను ఇంగ్లిషు తొలి అక్షరాలతో స్కౌట్ పిల్లలు ఎలా పంపుతారు?

మోర్స్ కోడ్‌లో పి అంటే చుక్క, రెండు గీతలు, మళ్లీ చుక్క. జె అంటే చుక్క, మూడు గీతలు. తేడా అంతా చివరి గుర్తులోనే! టార్చిలైటుతో పంపేటప్పుడు గీత వెలుగు చుక్కకు మూడింతల సేపు ఉండాలి. చివరి గీతను కాస్త ముందే ఆర్పితే జమ్మలమడుగు జె కాస్తా ప్రొద్దుటూరు పి అయిపోతుంది. అందుకే వేగం కన్నా ముందు తాళం కుదరాలి.

రెండు జెండాలతో అక్షరాలు చూపే సెమాఫోర్‌లో పి కోసం కుడి జెండాను భుజం ఎత్తున పక్కకు చాచి, ఎడమదాన్ని నిటారుగా ఎత్తుతారు. జె కోసం కుడిది పైకి, ఎడమది పక్కకు.

ఎందుకు నేర్చుకోవాలి? గండికోట లోయలో పెన్నకు ఆ ఒడ్డునున్నవారికి కేక సరిగా అందదు, జెండా కనిపిస్తుంది. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయినా, హామ్ రేడియోవాళ్లు మోర్స్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.