యంత్రం రాసే ఉత్తరం

ఉదయం తొమ్మిదింటికి ఆఫీసు తాళం తీసేసరికి మేనేజరు మెయిల్‌లో మూడు ఉత్తరాలు వచ్చి ఉంటాయి: నిన్నటి అమ్మకాల లెక్క, గోడౌన్‌లో మిగిలిన సరుకు, రాత్రి బ్యాకప్ పూర్తయిందన్న కబురు. వాటిని ఎవరూ కూర్చుని టైపు చేయలేదు, ఎవరూ ‘సెండ్’ నొక్కలేదు. సర్వర్‌లో ఎప్పుడో రాసిపెట్టిన ఒక్క వరుస కమాండ్ వేళకు లేచి ఆ పని చేసింది. మౌస్, బొమ్మలు, బటన్లు లేకుండా అక్షరాలతోనే కంప్యూటర్‌కు పని చెప్పే చోటును కమాండ్ లైన్ అంటారు. అక్కడ పుట్టిన ‘మెయిల్’ కమాండ్ వయసు అరవై ఏళ్లు.

మనుషులు మనుషులకు రాసుకోవడానికే ఈమెయిల్ పుట్టిందని, యంత్రాలు ఆ తర్వాత దాన్ని వాడుకున్నాయని చాలామంది అనుకుంటారు. పుట్టుక నాటి కాగితం వేరే మాట చెబుతుంది.

బ్యాకప్ కబురు కోసం

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీలో, 1960లలో సీటీఎస్‌ఎస్ అనే ఏర్పాటు ఉండేది. ఒకే ఐబీఎం 7094 యంత్రాన్ని చాలామంది తమ తమ టెర్మినళ్ల ముందు కూర్చుని ఒకే వేళ వాడుకునేవారు. ఒకరికొకరు మాట చెప్పుకోవాలంటే అందరికీ అందే చోట ‘టు టామ్’ లాంటి పేరుతో ఒక ఫైలు పెట్టిపోయేవారు. టామ్ అటు వచ్చి చూస్తే కబురు అందినట్టు, లేకపోతే లేదు.

అక్కడి ప్రోగ్రామర్లు లూయీ పూజాన్, గ్లెండా ష్రోడర్, ప్యాట్ క్రిస్మన్ కలిసి మెయిల్ అనే కమాండ్ కావాలని ఒక చిన్న పత్రం రాశారు. దానివల్ల ఒనగూడే ఉపయోగాలు మూడని అందులో చెప్పారు. ఒకటి, ఫైళ్లు బ్యాకప్ అయ్యాయని వ్యవస్థ వాడుకరికి తెలియజేయడం. రెండు, వాడుకరులు కమాండ్లు రాసినవారికి లోపాలు చెప్పడం. మూడు, కమాండ్లు రాసినవారు వాటి వివరాలను మాన్యువల్ సంపాదకుడికి పంపడం. మొదటి స్థానం యంత్రం మనిషికి చెప్పే కబురుదే. మేనేజరుకు ఉదయం వచ్చిన ఆ బ్యాకప్ ఉత్తరం ఈమెయిల్‌కు కొత్తగా అంటించిన పని కాదు, అది దాని జన్మహేతువుల్లో మొదటిది.

పత్రం ఉంది, ప్రోగ్రామ్ లేదు. 1965లో కొత్తగా ఉద్యోగంలో చేరిన టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అనే ఇద్దరు కుర్రవాళ్లు తామే రాస్తామని పూనుకున్నారు. కమాండ్ పంపిన మాటలు అవతలివారి ‘మెయిల్ బాక్స్’ అనే ఫైలులో చేరేవి. వారు లాగిన్ కాగానే ఉత్తరం వచ్చిందని యంత్రం చెప్పేది.

ఆ సీటీఎస్‌ఎస్ ఇంటి నుంచే ఇంకో మూడు మాటలు వచ్చాయి. వరుసగా చేయాల్సిన కమాండ్లను ఒక ఫైలులో రాసిపెట్టి ఒకేసారి నడిపించే ‘రన్‌కామ్’ను పూజాన్ రాశాడు. మనిషికీ యంత్రానికీ మధ్య నిలబడి కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్‌కు ‘షెల్’ అని పేరు పెట్టిందీ ఆయనే. ఎవరికీ కనబడకుండా వెనక ఉండి పని చేసే ప్రోగ్రామ్‌ను ‘డీమన్’ అన్నారు. భౌతికశాస్త్రంలో అణువులను అలుపు లేకుండా వేరుచేసే మాక్స్‌వెల్ భూతం నుంచి ఆ పేరు తీసుకున్నామని సీటీఎస్‌ఎస్ రూపశిల్పి ఫెర్నాండో కోర్బాటో చెప్పాడు. అడ్రసు తప్పిన ఉత్తరాన్ని మనకు తిప్పి పంపే ‘మెయిలర్ డీమన్’ ఆ వంశంలోదే.

గొట్టం, గడియారం

సీటీఎస్‌ఎస్ ఉత్తరం ఒకే యంత్రంలో తిరిగేది. 1971లో బీబీఎన్ సంస్థలో రే టామ్లిన్‌సన్ దాన్ని ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ మీదుగా ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి దాటించాడు. వాడుకరి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ‘@’ గుర్తు పెట్టింది ఆయనే. అదే ఏడాది నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో వెలువడిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్‌లో కూడా మెయిల్ కమాండ్ ఉంది.

మెయిల్‌ను ఆఫీసు గుమస్తాగా మార్చింది యూనిక్స్‌లోని ఒక నిలువు గీత. డగ్ మెక్‌ఇల్‌రాయ్ చాలాకాలంగా అడుగుతున్న ఆ సౌకర్యాన్ని 1973లో కెన్ థాంప్సన్ అమర్చాడు. దాని పేరు పైప్, అంటే గొట్టం. ఎడమవైపు ప్రోగ్రామ్ నుంచి వచ్చినదంతా గొట్టంలోంచి పారి కుడివైపు ప్రోగ్రామ్‌లో పడుతుంది. డిస్కులో ఎంత చోటు మిగిలిందో చెప్పే కమాండ్‌కు ఉత్తరాల గురించి ఏమీ తెలియదు. మెయిల్‌కు డిస్కుల గురించి తెలియదు. రెంటి మధ్య గీత గీస్తే చాలు, డిస్కు లెక్క ఉత్తరమై వెళుతుంది. 1978లో బర్క్‌లీలో కర్ట్ షోన్స్ రాసిన మెయిల్ ప్రోగ్రామ్ ఈ కమాండ్‌ను ఇంకా తీర్చిదిద్దింది. ‘-ఎస్’ అని రాసి పక్కన విషయం, చివర అడ్రసు ఇచ్చే పద్ధతి ఈనాటికీ అదే.

ఇక కావాల్సింది వేళకు లేపే గడియారం. 1979లో వచ్చిన ఏడవ యూనిక్స్‌లో ‘క్రాన్’ ఉంది. అది నిమిషానికోసారి లేచి తన పట్టిక చూసుకుని, వేళ అయిన పని చేసి, మళ్లీ పడుకుంటుంది. పట్టికలో ఒక్కో పనికి అయిదు గడులు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ‘0 9 * * 1-6’ అంటే సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి. 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ లినక్స్ లోకమంతా పాకింది. అది నడిపిన పని ఏదైనా మాట చెబితే ఆ మాటను యజమానికి మెయిల్ చేస్తుంది, ఏమీ చెప్పకపోతే ఉత్తరమూ రాదు. చెప్పవలసింది ఉంటేనే నోరు విప్పాలన్న ఆ మర్యాద చాలా ఆఫీసులు నేర్చుకోదగ్గది.

పోస్ట్‌మాన్ భాష

కమాండ్ రాసిన ఉత్తరం దారిలో ఎలా మాట్లాడుతుందో 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ప్రకటించిన ఎస్‌ఎంటీపీ నియమావళి నిర్ణయించింది. ఇంటి తలుపు దగ్గర పోస్ట్‌మాన్ మాట్లాడినంత సూటిగా ఉంటుంది ఆ సంభాషణ. ముందు నమస్కారం, తర్వాత ఎవరి నుంచి, ఎవరికి, ఆపైన ఉత్తరం, చివర సెలవు. అవతలి సర్వర్ ప్రతి మాటకూ మూడంకెల జవాబిస్తుంది. 250 అంటే సరే. 354 అంటే ఉత్తరం చదువు, వింటాను. 4తో మొదలైతే ఇప్పుడు కాదు, మళ్లీ రా. 5తో మొదలైతే ఇక రావద్దు. ‘మళ్లీ రా’ అన్నప్పుడు సర్వర్ ఉత్తరాన్ని వరుసలో దాచి నాలుగైదు రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఉత్తరం అయిపోయిందనడానికి గుర్తు ఒక వరుసలో ఒంటరిగా నిలిచిన చుక్క.

ఆ నియమావళి ఏడు బిట్ల ఇంగ్లీషు అక్షరాలకే కుదిరింది. తెలుగు ఉత్తరం అందులో ఎలా ప్రయాణిస్తుంది? 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ ప్రకటించిన ‘మైమ్’ దారి చూపింది. అటాచ్‌మెంట్లు వచ్చిందీ దానివల్లే. దాని కిటుకు బేస్64. ప్రతి మూడు బైట్లను నాలుగు మామూలు అక్షరాలుగా మార్చి పంపి, అవతల తిరిగి విప్పుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి సరిగ్గా మూడు బైట్లు పడతాయి. ‘అమ్మ’లో అ, మ, విరామం, మ కలిపి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. దారిలో అవి పదహారు ఇంగ్లీషు అక్షరాల, అంకెల వేషం వేసుకుని వెళ్లి, అవతల తెర మీద మళ్లీ ‘అమ్మ’ అవుతాయి. మన ఆఫీసు స్క్రిప్టు, అంటే కమాండ్లు రాసిపెట్టిన ఫైలు, తెలుగులో విషయం రాసి పంపగలుగుతున్నది ఈ ఏర్పాటు వల్లే.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. విద్యార్థులకు తక్కువ ధరలో దొరికిన ‘షెల్’ ఖాతాలో బొమ్మలు లేవు, అక్షరాలే. ఆ తరంలో చాలామందికి ఈమెయిల్ పరిచయమైంది కమాండ్ లైన్ మీదే.

అదుపు తప్పిన రోజులు

ఒక్క వరుసతో వెయ్యి ఉత్తరాలు పంపగలిగే పనిముట్టు ఒక్క తప్పుతో వెయ్యిమందిని ఇబ్బంది పెట్టగలదు. 1987 డిసెంబరులో పశ్చిమ జర్మనీలోని క్లౌస్తాల్ నుంచి ఒక క్రిస్మస్ శుభాకాంక్ష బయలుదేరింది. నడిపిస్తే తెర మీద చెట్టు బొమ్మ గీసి, ఆ మనిషి అడ్రసుల పట్టికలో ఉన్న అందరికీ తనను తానే పంపుకునేది. అది ఐబీఎం అంతర్గత నెట్‌వర్క్‌ను కూడా స్తంభింపజేసింది. మరుసటి ఏడాది నవంబరు 2న రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన ‘పురుగు’కు దొరికిన దారుల్లో ఒకటి సెండ్‌మెయిల్. అది ఎరిక్ ఆల్‌మన్ రాసిన, అప్పట్లో ఇంటర్నెట్ ఉత్తరాలను ఎక్కువగా మోసిన ప్రోగ్రామ్. పరీక్షల కోసం పెట్టిన ఒక సదుపాయాన్ని చాలాచోట్ల మూయకుండా వదిలేశారు. దాన్ని వాడితే అడ్రసు ఉండాల్సిన చోట కమాండ్ ఇచ్చినా యంత్రం నడిపేసింది.

ఆ దెబ్బల నుంచి పాఠం నేర్చినవారు ఉన్నారు. 1998లో వీట్స వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్‌లో ఒక పెద్ద ప్రోగ్రామ్ బదులు చిన్నచిన్నవి కలిసి పనిచేస్తాయి. ఏ ఒక్కదానికీ తన పనికి మించిన అధికారం ఉండదు. అంతకుముందే ఆల్‌మన్ తన ‘వెకేషన్’ ప్రోగ్రామ్‌లో ఒక జాగ్రత్త పాటించాడు. సెలవులో ఉన్న మనిషి తరఫున జవాబిస్తూ, ఎవరికి ఎప్పుడు చెప్పానో గుర్తుపెట్టుకుని, ఒకరికి వారంలో ఒక్కసారే చెబుతుంది. ఆ జ్ఞాపకం లేకపోతే సెలవులో ఉన్న ఇద్దరి యంత్రాలు రాత్రంతా ఒకదానికొకటి జవాబులిచ్చుకుంటూ కూర్చునేవి.

ఎస్‌ఎంటీపీలో మొదట లేనిది నమ్మకానికి ఆధారం. ‘ఎవరి నుంచి’ అన్నచోట ఎవరి పేరైనా రాయవచ్చు. ఫలానా సంస్థ ఉత్తరాలు ఏ సర్వర్ల నుంచి రావాలో చెప్పే ఎస్‌పీఎఫ్, ఉత్తరం మీద డిజిటల్ ముద్ర వేసే డీకిమ్, ఈ రెండూ కుదరకపోతే ఏం చేయాలో చెప్పే డీమార్క్ ఆ లోటు పూడ్చడానికి వచ్చాయి. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5000కు పైగా ఉత్తరాలు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. అందుకే నేటి ఆఫీసు స్క్రిప్టు ఉత్తరాన్ని తానే మోసుకుపోకుండా, 587 అనే పోర్టులో రహస్య సంభాషణ ద్వారా తన మెయిల్ సేవకు అప్పగించడం మంచిది.

మీరు రాసే ఆ ఒక్క వరుస

రేపు మీ ఆఫీసులో మీరే అలాంటి వరుస రాయవచ్చు. ముందు నాలుగు రోజులు మీకు మీరే పంపించుకోండి. లెక్క తీసే కమాండ్ విఫలమైతే ఖాళీ ఫైలు వెళ్లకుండా, విఫలమైందన్న మాట వెళ్లేలా రాయండి. విషయంలో తేదీ పెట్టండి. పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాయకుండా, ఇతరులు తెరవలేని వేరే ఫైలులో ఉంచండి. ఉద్యోగం మానేసినవారికి అమ్మకాల లెక్క ఇంకా వెళుతోందేమో అప్పుడప్పుడు చూడండి. క్రాన్ మౌనానికి రెండు అర్థాలున్నాయి: అంతా బాగుందని ఒకటి, సర్వరే ఆగిపోయిందని రెండోది. బ్యాకప్ లాంటి ముఖ్యమైన పనికి రోజూ ఒక ఉత్తరం రావాలి, రాని రోజున అడిగే మనిషి ఒకరుండాలి.

చివరిగా, మెయిల్ కమాండ్ కోరిన ఆ తొలి పత్రంలోని రెండో ఉపయోగాన్ని మరిచిపోవద్దు: వాడుకరి లోపం చెబితే అది ప్రోగ్రామ్ రాసినవారికి చేరాలి. యంత్రం చెప్పే దారి, మనిషి తిరిగి అడిగే దారి కలిసే పుట్టాయి. ‘దీనికి జవాబివ్వకండి’ అని రాసిన ప్రతి ఉత్తరం ఆ రెండో దారిని మూసేస్తుంది. మీ స్క్రిప్టు పంపే ఉత్తరం కింద, లెక్క తప్పైతే ఎవరిని అడగాలో ఒక మనిషి పేరు రాయండి.