రాట్చబురి కట్టడి

మానవుని కామము ఉపదేశములకు లొంగునదే యైనచో సుఖవ్యాధులు ఏనాడో అంతరించి యుండెడివి. ఈ సంగతి నెరిగి పని చేసినవారిలో థాయిలాండ్ వైద్యుడు డాక్టర్ వివత్ రోజనపిత్తయకోర్న్ ఒకరు.

ఆ దేశమున వేశ్యావృత్తిని 1960లోనే చట్టము నిషేధించెను. అయినను వేశ్యాగృహములు బహిరంగముగనే నడచుచుండెను. పెండ్లికాని యువకులు స్నేహితులతో గూడి అచటికి పోవుట ఆనాటి సమాజమున పెద్ద వింత కాదు. 1989 జూన్ నెలలో రక్తపరీక్షలు జరుపగా, ఉత్తరమున చియాంగ్ మై వేశ్యాగృహములలోని స్త్రీలలో నూటికి 44 మందికి హెచ్.ఐ.వి. సోకినట్లు తేలెను.

ఆ యేడే బ్యాంకాకునకు పడమట నున్న రాట్చబురి ప్రాంతమున డాక్టర్ వివత్ ఒక కట్టడి చేయించెను. రబ్బరు తొడుగు లేనిదే ఏ యింటను ఏ విటునికిని సేవ లేదు. ఇందు "ఏ యింటను" అను మాటయే ప్రాణము. అంతకుముందు తొడుగు కోరిన స్త్రీ బేరము పోగొట్టుకొనుచుండెను. విటుడు ప్రక్కయింటికి పోవును, యజమాని ఆమెపై మండిపడును. అన్ని యిండ్లకును ఒకే నియమమైనపుడు పోవుటకు ప్రక్కయిల్లే లేదు. యజమానికి నష్టము లేదు. "ఇది నా కోరిక కాదు, సర్కారువారి ఆజ్ఞ" యని చెప్పుటకు ఆ స్త్రీకి వీలు చిక్కెను.

ప్రభుత్వ వైద్యశాలకు సెగవ్యాధితో వచ్చిన పురుషుని, ఎచటికి పోయితివని అడుగుదురు. ఏ యింట నియమము తప్పుచున్నదో దానితో తెలియును. మొదట హెచ్చరిక, పిమ్మట మూసివేత. చట్టము కాదన్న వృత్తిని పోలీసుల తోడ్పాటుతోనే క్రమపరచుట నీతివాదులకు రుచింపకపోవచ్చును. రోగమునకు చట్టపుస్తకముతో పని లేదు గదా!

1991లో ప్రధాని ఆనంద్ పన్యారచున్ ప్రభుత్వము దీనిని దేశమంతటను అమలు జరుప నిశ్చయించెను. ఆ మంత్రివర్గమున మీచాయ్ వీరవైద్య యుండెను. కుటుంబ నియంత్రణ ప్రచారమున ఆయన గడించిన ఖ్యాతి యెంతటిదనగా, ఆ దేశమున తొడుగునే "మీచాయ్" అని పిలుచుట కద్దు. వేశ్యాగృహములలో 1989లో నూటికి 14 పాళ్లుగ నున్న తొడుగుల వాడుక 1993 నాటికి 94 పాళ్లకు పెరిగెను. ప్రభుత్వ వైద్యశాలలకు వచ్చు పురుషులలో ముఖ్యమైన సుఖవ్యాధులు నూటికి 79 వంతులు తగ్గెను.

అయితే ఈ కట్టడి సంసారుల గడప దాటి లోనికి పోలేదు. తొడుగు వేశ్యకు గుర్తు. దానిని భార్య యెదుట తెచ్చుట యనగా ఆమెను అనుమానించుటయో, తన తప్పు ఒప్పుకొనుటయో కావలెను. నియమమునకు పూర్వమే రోగము తగిలించుకొన్న భర్తలనుండి అది భార్యలకు సోకెను. వారిలో పెక్కురకు ఆ సంగతి తెలిసినది గర్భిణులై రక్తపరీక్షకు పోయిననాడే. ఆ తల్లులనుండి బిడ్డలకు రోగము సోకకుండ ఔషధములతో అడ్డగించుటలో థాయిలాండ్ దాదాపు పూర్తిగా కృతకృత్యమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో ప్రకటించెను. ఆసియాలో ఆ గుర్తింపు పొందిన తొలి దేశమదియే.