వేపాకు ఎంతవరకు, వైద్యుడు ఎక్కడి నుంచి?

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో తరగతిలో పిల్లలు రాసేదానికన్నా గోక్కునేది ఎక్కువ. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ పొక్కులు. ఉపాధ్యాయులుగా మేము ఇంటికి కబురు పెడితే తల్లుల నుంచి వచ్చే జవాబు దాదాపు ఒకటే: "వేపాకు నీళ్ళు పోస్తున్నాం సార్, తగ్గిపోతుంది." ఆ మాటలో నిజం ఉంది, అయితే సగమే. ఈ సొసైటీకి ఏటా చేయూతనిస్తున్న దాతలకు ఆ సగం ఎంతవరకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆయుర్వేదం వేరు, మన హకీముల వైద్యం వేరు అనుకునేవారు మనలో ఉన్నారు. నిజానికి రెండింటికీ పాత చుట్టరికం. అబ్బాసీ ఖలీఫాల కాలంలోనే చరక, సుశ్రుత గ్రంథాలు అరబీ భాషలోకి వెళ్ళాయి. హకీం గారి దుకాణంలో దొరికే 'ఇత్రీఫల్' పేరు 'త్రిఫల' నుంచి వచ్చిందే. ఆయన హలేలా, బలేలా, ఆమ్లా అంటారు. ఆయుర్వేద వైద్యుడు కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ అంటాడు. కాయలు అవే. ప్రతి రోగానికీ అల్లాహ్ మందు పుట్టించాడని, మందు వాడుకోమని ప్రవక్త (స) చెప్పిన సంగతి మనకు తెలుసు. ఏ రోగానికి ఏ మందో తేల్చుకోవడం దగ్గరే తికమక అంతా.

చిన్న బాధలకు పెరటి మందు చాలు. చెమటకాయలకు చన్నీటి స్నానం, అరగదీసిన గంధం. ఎండకు కమిలిన చోట కలబంద గుజ్జు. ఆకు కోయగానే కారే పసుపు పచ్చని జిగురును వదిలేసి, లోపలి గుజ్జు మాత్రమే తీసుకోవాలి, ఆ జిగురే కొందరికి దురద పెడుతుంది. చలికాలం పగుళ్ళకు స్నానం చేసి తడి ఆరకముందే కొబ్బరినూనె. ఇక పసుపు సంగతి లోకమంతా ఎరిగిందే. గాయాలకు పసుపు వాడటం మీద అమెరికాలో 1995లో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు కూడా ఇచ్చారు. మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి వాదించాక 1997లో దాన్ని రద్దు చేశారు. మన అమ్మమ్మలు, నానీమాలు ఏ కాగితం లేకుండానే వాడిన పసుపు అది.

గజ్జి దగ్గరకు వస్తే కథ మారుతుంది. గజ్జికి కారణం కంటికి సరిగా ఆనని పురుగు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. రాత్రిళ్ళు దురద ఎక్కువవుతుంది. వేపాకు నీళ్ళు ఆ దురదను శాంతింపజేస్తాయి, పుండ్లను శుభ్రపరుస్తాయి. వేపాకు, పసుపు ముద్దగా నూరి రోజూ పట్టిస్తే నయమవుతుందని చెప్పిన అధ్యయనం కూడా ఒకటుంది. 1992లో అచ్చయిన ఆ అధ్యయనంలో 814 మందికి ఈ ముద్ద రాస్తే మూడు నుంచి పదిహేను రోజుల్లో 97 శాతం మందికి తగ్గిందని రాశారు. అయితే అది తొలి ప్రయత్నంగా చేసిన పరిశీలన. దాన్ని చూపించి అసలు మందు మానుకోమనడం సబబు కాదని మా అభిప్రాయం.

ఎందుకంటే గజ్జి ఒక పిల్లవాడి రోగం కాదు, ఇంటిల్లిపాది రోగం. కొత్తగా అంటుకున్నవారికి నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే తెలియకపోవచ్చు. గోక్కుంటున్న పిల్లవాడికి ఒక్కడికే మందు రాస్తే, పక్కలో పడుకున్న తమ్ముడి నుంచి పురుగు మళ్ళీ వాడికే వస్తుంది. తల్లి "మందు పనిచేయలేదు" అంటుంది. వాడు మళ్ళీ బడి మానతాడు. గోకిన చోట చీము పడితే, కొందరు పిల్లలకు ఆ సూక్ష్మక్రిముల వల్ల మూత్రపిండాల వాపు కూడా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది ఊరికే కాదు.

సరైన పద్ధతి ఇది. వైద్యుణ్ణి అడిగి తెచ్చిన 5 శాతం పెర్మెత్రిన్ పూతమందును ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకున్నా, ఒకే రాత్రి మెడ నుంచి అరికాలి దాకా రాసుకోవాలి. గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో మరిచిపోకూడదు. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటల తర్వాత స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. చంటిబిడ్డలకూ, గర్భిణులకూ ఎలా వాడాలో వైద్యుడే చెప్పాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. మన వేపాకు నీళ్ళకు అసలైన చోటు అక్కడ.

దాతలు గమనించవలసిన లెక్క ఇక్కడే ఉంది. శిబిరం పెట్టి పిల్లవాడికొక ట్యూబు చొప్పున పంచితే ఫొటో బాగుంటుంది, గజ్జి పోదు. పెద్దవారికి ఒకసారికే సుమారు 30 గ్రాముల ట్యూబు పడుతుంది. నూరు మంది పిల్లలకు ఒక్కొక్కటి ఇచ్చేకన్నా ఇరవై ఇళ్ళకు పూర్తిగా ఇవ్వడం మేలు. హాస్టలైతే గదిలో ఉన్నవారందరికీ, వంటవారితో సహా.

తామరకు మన పల్లెల్లో తగిరిస గింజలు పుల్లమజ్జిగతో నూరి పట్టిస్తారు. సంస్కృతంలో ఆ మొక్కకు 'దద్రుఘ్నం', అంటే తామరను చంపేది అనే పేరే ఉంది. ఒకటి రెండు మచ్చలైతే ప్రయత్నించవచ్చు. మాకు భయం ఆకు మందుతో కాదు, మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములతో. రెండు రోజుల్లో దురద పోతుంది, లోపల తామర పాకుతుంది, తర్వాత మామూలు మందులకు లొంగదు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదంది.

ఆకు మందులన్నీ మెత్తనివి అనుకోకూడదు. పూర్వం చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి గింజ రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. వెల్లుల్లి నూరి కట్టినా కాలుతుంది. బొల్లికి వాడే బావంచాలు రాసి ఎండలో నిలబడితే కాలిన గాయాలవుతాయి. అది వైద్యుడి కనుసన్నల్లో వాడవలసిన మందు. హైదరాబాదు ఎర్రగడ్డలో ఉన్న కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థ బొల్లి చికిత్సకు పేరుపొందింది, అక్కడికి వెళ్ళవచ్చు. అన్నట్టు, రంజాన్ చాంద్ రాత్ నాడు కొనే మెహందీ కోన్ల మాట కూడా. అసలు గోరింటాకు గంటలోనే నల్లగా పండదు, నారింజ రంగులో మొదలై మర్నాటికి ముదురుతుంది. గంటలో కారునలుపు ఇచ్చే కోనులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉండవచ్చు. అది పడనివారికి చేతులు పొక్కుతాయి, ఆ పడనితనం జీవితాంతం ఉండిపోతుంది.

చివరిగా ఒక మచ్చ గురించి. చరకుడు 'కుష్ఠం' అనే మాటను పద్దెనిమిది రకాల చర్మరోగాలకు వాడాడు. వాటికి చండ్ర అన్నిటికన్నా మేలన్నాడు. పాన్‌లో వేసే కాచు ఆ చెట్టుదే. నేటి తెలుగులో ఆ మాట ఒక్క రోగానికే మిగిలింది. పాత పుస్తకంలో కుష్ఠానికి మందు అని చూసి, ఈ రోగానికి కషాయాలు తాగుతూ నెలలు గడిపేవారున్నారు. ఈలోగా నరాలు దెబ్బతింటే వేళ్ళు వంకర తిరుగుతాయి. ఆడపిల్లయితే పెళ్ళి సంబంధాలు పోతాయని దాచేవారు మరీ ఎక్కువ.

ఒంటి రంగుకన్నా పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో ఉండి, దురద లేకపోతే అనుమానించాలి. పిల్లవాణ్ణి కళ్ళు మూసుకోమని, దూది కొసతో మచ్చ మీద తాకి, ఎక్కడ తాకామో వేలితో చూపమనండి. చూపలేకపోతే వేపాకు జోలికి పోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాలి. మందు బిళ్ళలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రోగం స్థాయిని బట్టి ఆరు నెలలు, లేదా పన్నెండు నెలలు వాడాలి. మందు మొదలుపెట్టాక ఇతరులకు అంటే ప్రమాదం త్వరగానే పోతుంది కాబట్టి పిల్లవాడు బడి మానక్కరలేదు.