విశ్రమించిన వారధి

కోఠిలోని పూర్వపు రెసిడెన్సీ భవనం ఒకనాడు బ్రిటిషు రెసిడెంటు నివాసం. కట్టించినవారు వెళ్లిపోయినా దానికి మరొక పని దొరికింది. అది స్త్రీల విద్యాలయమైంది. మరి చేసే పని పోయి, వేరొకటి దొరకని కట్టడం గతి యేమిటి? ఈ ప్రశ్న తోచినవారు రాజమహేంద్రవరం వెళ్లి, గోదావరిపై నున్న పాత రైలు వంతెనను చూడవలె.

ఆ వంతెన పుట్టక పూర్వం మద్రాసు నుండి కలకత్తాకు పోయే ప్రయాణికులు ఇక్కడ బండి దిగి, పడవపై నది దాటవలసి వచ్చేది. 1897లో పని ఆరంభమై, 1900లో వంతెనపై రైలు నడిచింది. నాటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు దానికి పెట్టారు. నిర్మాణాన్ని నడిపిన ఇంజనీరు వాల్టన్, అంతకు ముందు కాశీలో గంగపై వంతెన కట్టినవాడు.

ఈ వారధిలో శిల్పాలు లేవు, అలంకారాలు లేవు. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు. మొత్తం మైలున్నరకు మించిన పొడవు. ఇసుక నేలలో స్తంభం నిలవాలంటే ముందు బావి వంటి కట్టడాన్ని దింపవలె. లోపలి ఇసుకను తోడిన కొలదీ అది తన బరువుతోనే క్రుంగి, గట్టి నేలను చేరుతుంది. దానిపై రాతి స్తంభం, స్తంభాలపై ఉక్కు దూలాలు. రాయి నొక్కుడును ఓర్చుకొంటుంది గాని లాగుడును ఓర్వలేదు. ఉక్కు రెంటినీ ఓర్చుకొంటుంది. ఎవరి బలమెంతో వారికంత భారమే అప్పగించడం ఈ నిర్మాణంలోని సౌందర్యం.

1997లో కొత్త కమానుల వంతెన వచ్చి, పాతదానికి విశ్రాంతి లభించింది. కాని ఉక్కుకు విశ్రాంతి మేలు చేయదు. రైళ్లు నడిచినంత కాలం రంగు వేసేవారు, మరలు బిగించేవారు ఉంటారు. రైలు ఆగితే తుప్పు మొదలవుతుంది. దీనిని విహారస్థలంగా మార్చాలన్న తలంపు చాలాకాలంగా ఉన్నది. కాపాడడమంటే కంచె వేయడం కాదు, పని కల్పించడం. రైలు నడిచిన దారిన మనుషులు నడిస్తే చాలు.

ఉపాధ్యాయులు తమ పిల్లలను ఒకసారి గోదావరి గట్టుకు తీసుకుపోయి, ఆ ఖానాలను లెక్కించమనవలె. యాభై ఆరు లెక్కించేసరికి వారికి గణితమూ, చరిత్రా కలిసే వస్తాయి.