పనిచేసే చోట దౌర్జన్యం – ముందే ఆపడం ఎట్లా?

2020 జూన్ 27న నెల్లూరులోని పర్యాటక సంస్థ కార్యాలయంలో జరిగిన సంఘటన మన పాఠకుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరోనా రోజులవి. మాస్కు పెట్టుకోమని ఒక కాంట్రాక్టు ఉద్యోగిని తన పై అధికారికి చెప్పింది. ఆమె వికలాంగురాలు. అంత చిన్న మాటకు ఆ డిప్యూటీ మేనేజరు ఆమె జుట్టు పట్టుకొని ఈడ్చి, చేతికి దొరికినదానితో కొట్టాడు. పక్కనున్న సిబ్బంది అడ్డుపడ్డారు. సీసీ కెమెరా దృశ్యం బయటికి వచ్చాక దేశమంతా చూసింది. ఆయన్ని అరెస్టు చేశారు, సస్పెండు చేశారు.

తగిన శాస్తి జరిగిందని అప్పుడు అందరూ అన్నారు. నిజమే. కాని శాస్తి అనేది దెబ్బ తగిలిన తరువాతి మాట. అంతకుముందు రోజు ఆ ఆఫీసులో ఏ ఏర్పాటు ఉండి ఉంటే ఆ చేయి లేవకుండా ఉండేది? ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఆ ప్రశ్నే.

ఇది మనకెందుకు అని ఎవరైనా అనవచ్చు. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు వైపు నుంచి వచ్చి చదువుకునే మాబోటివాళ్ళలో చాలామందిమి రైతు బిడ్డలం. రేపు మనలో కొందరం సచివాలయంలోనో, ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో కుర్చీలో కూర్చుంటాం. మన నాయనలు మాత్రం అప్పటికీ ఆ బల్లకు ఇవతలి పక్కన నిలబడే ఉంటారు. కాబట్టి ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూడగలిగింది మనమే.

దౌర్జన్యం అంటే కొట్టడమే కాదు. బెదిరించడం, బూతులు తిట్టడం, నలుగురిలో అవమానించడం, ఆడవాళ్ళను లైంగికంగా వేధించడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 జూన్ 21న జెనీవాలో ఆమోదించిన 190వ ఒడంబడిక ఈ అర్థాన్నే తీసుకుంది. అది 2021 జూన్ 25 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సంస్థే మరి రెండు సంస్థలతో కలిసి చేసిన ప్రపంచ సర్వే 2022 డిసెంబరులో వెలువడింది. పనిచేసే ప్రతి వందమందిలో సుమారు 23 మంది తమ ఉద్యోగ జీవితంలో ఏదో ఒక రకం దౌర్జన్యానికి గురయ్యామని అందులో చెప్పారు. అంటే నలుగురైదుగురిలో ఒకరన్నమాట.

ఈ విషయాన్ని పరిశోధించినవారు దౌర్జన్యాన్ని, చేసేవాడు ఎవడన్నదాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీశారు. మొదటి రకంలో చేసేవాడికి ఆ చోటుతో ఏ సంబంధమూ ఉండదు. రాత్రిపూట పెట్రోలు బంకులో డబ్బు దోచుకోవడానికి వచ్చే దొంగ వంటివాడు. రెండో రకం, పనిమీద వచ్చినవాడు తిరగబడటం: రోగి తాలూకు మనిషి డాక్టరును కొట్టడం, ప్రయాణికుడు కండక్టరు మీద చెయ్యి చేసుకోవడం. మూడోది లోపలి మనిషే లోపలి మనిషిని కొట్టడం. నెల్లూరు సంఘటన ఇదే. నాలుగోది ఇంటి తగాదా పని దగ్గరికి రావడం. భార్య పనిచేసే చోటికే వచ్చి మొగుడు గొడవ చేయడం మనం చూడనిది కాదు. విభజన ఎందుకంటే, ఒకదానికి పనికొచ్చే మందు మరొకదానికి పనికిరాదు. దొంగను ఆపడానికి పెట్టిన వాచ్‌మన్ పై అధికారి చెయ్యిని ఆపలేడు. ఆయనకు సలాము కొట్టేవాడే కదా వాచ్‌మన్!

రెండో రకానికి మన తెలుగునాట మరిచిపోలేని ఉదాహరణ అబ్దుల్లాపూర్‌మెట్. 2019 నవంబరు 4న, సోమవారం మధ్యాహ్నం, రంగారెడ్డి జిల్లాలోని ఆ మండల తాసీల్దారు విజయారెడ్డి గారి గదిలోకి ఒక మనిషి వెళ్ళి, ఆమెపై పెట్రోలు పోసి నిప్పంటించాడు. ఆమె అక్కడే చనిపోయారు. కాపాడబోయిన డ్రైవరు గురునాథం మరుసటి రోజు చనిపోయాడు. నిప్పు పెట్టినవాడు కూడా ఆ గాయాలతోనే మూడు రోజులకు పోయాడు. మూలం భూమి తగాదా. ఆ భూమి వ్యవహారం కోర్టులో ఉందని పత్రికలు రాశాయి. అంటే ఆమె తన చేత్తో తీర్చగలిగిన తగాదా కాదది.

ఆ హత్యకు సమర్థన లేదు. ఎంత తిప్పించుకున్నా సరే, లేదు. ఆ రోజుల్లో "అట్లయితేగాని వీళ్ళకు బుద్ధి రాదు" అని కొందరు అనడం నా చెవిన పడింది. సినిమాలో హీరో ఆఫీసరు కాలరు పట్టుకుంటే ఈలలు వేసే అలవాటు మనకు బాగా ముదిరింది. అయితే, సమర్థించకపోవడం వేరు, కారణం వెతక్కపోవడం వేరు. కారణం వెతికేది మళ్ళీ జరగకుండా ఉండటానికే.

మా వైపు సంగతి చెబుతాను. మెట్ట ప్రాంతం కావడం వల్ల మా దగ్గర భూమి కాగితాల చిక్కులు ఎక్కువ. చుక్కల భూములనే మాట విననివాళ్ళు మా ఊళ్ళలో ఉండరు. తెల్లదొరల కాలంనాటి రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో వట్టి చుక్కలు పెట్టి ఉన్న భూములివి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నా 2016లో వీటిని 22-ఏ నిషేధిత జాబితాలో చేర్చడంతో అమ్ముకోవడానికి లేకుండాపోయింది. 2023 మే 12న మన జిల్లాలోని కావలిలో జరిగిన సభలో సుమారు 2 లక్షల ఎకరాలను ఆ జాబితా నుంచి తీసివేస్తున్నట్టు ప్రకటించారు. ఈ ఏడేళ్ళూ రైతు ఎవరి దగ్గరికి వెళ్ళాడు? మండలాఫీసుకే. చుక్క పెట్టింది ఎప్పుడో పోయిన గుమాస్తా, జాబితాలో చేర్చింది రాజధాని, తిట్లు తిన్నది మాత్రం బల్ల దగ్గర కూర్చున్న వీఆర్వో. అధికారం లేనివాడి ముందు ఓపిక లేనివాణ్ణి నిలబెట్టి, మధ్యలో ఒక బల్ల వేశాం. దాన్నే ఆఫీసు అంటున్నాం.

మా నాయన ఒక మ్యుటేషన్ పనికోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన రోజుల్లో సెలవులకు వెళ్ళి నేనూ వెంట ఉన్నాను. పని ఆలస్యమైనందుకు ఆయనకు అంత బాధ లేదు. సేద్యగానికి ఎదురుచూడటం కొత్తా? వాన కోసం చూడలేదూ! "ఏం పెద్దాయనా, సోమవారం రమ్మంటిని గదా" అని ఆ గుమాస్తా తలెత్తకుండా అనడం, ఆ సోమవారం పోతే ఆయనే సెలవులో ఉండటం, ఫైలు ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసివ్వకపోవడం ఆయనకు కష్టమనిపించింది. మా నాయన నెమ్మదైన మనిషి. అక్కడే మరొకాయన కుర్చీ ఎత్తబోతే నలుగురు పట్టుకున్నారు. ఆయన లేచింది ఆ ఒక్క మాటకు కాదని వరుసలో ఉన్న అందరికీ తెలుసు.

అబ్దుల్లాపూర్‌మెట్ తరువాత ఆఫీసుల్లో కొన్ని జాగ్రత్తలు తీసుకున్నారు. కర్నూలు జిల్లా పత్తికొండలో తాసీల్దారు బల్లకూ, వచ్చేవాళ్ళకూ మధ్య తాడు కట్టారు. ఆమె భయాన్ని నవ్వులాటగా తీసుకోకూడదు. భయం నిజమైనదే. కాని తాడు పనిచేసే తీరు ఎట్లాంటిదో చూద్దాం.

మా కెమిస్ట్రీ ల్యాబులో గాఢమైన ఆమ్లంతో ప్రయోగం చేసేటప్పుడు ఒక వరుస పాటించమంటారు. మొదటి ప్రశ్న: ఈ ప్రయోగానికి గాఢ ఆమ్లం నిజంగా అవసరమా, పలుచని ద్రావణంతో సరిపోదా? సరిపోతే సీసా బీరువాలోంచి బయటికే రాదు. అవసరమైతే పొగ బయటికి లాగే అర దగ్గర చేయాలి. తరువాత ఎవరు, ఎట్లా పోయాలనే పద్ధతి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు అన్నిటికన్నా చివరివి. అవి ప్రమాదాన్ని తగ్గించవు, జరిగినప్పుడు మనకు తగిలేదాన్ని తగ్గిస్తాయి. తాడు, పోలీసు, చట్టంలోని శిక్ష ఇవన్నీ చేతి తొడుగులు. ఉండవలసినవే. కాని వాటితోనే మొదలుపెట్టి వాటితోనే ఆపేస్తున్నాం.

మొదటి మెట్టు దగ్గరకు వస్తే, ఆఫీసులో గాఢ ఆమ్లం ఏది? కారణం చెప్పని తిరస్కారం. పని కాదంటే ఎందుకు కాదో, ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలో రెండు వాక్యాలు రాసి, తేదీ వేసి, సంతకంతో ఇస్తే మనిషి కోపం ఆ గది దాటి సరైన చోటికి వెళుతుంది. "ఇది నా చేతిలో లేదు, కోర్టులో ఉంది, ఫలానా నంబరు కేసు" అన్న చీటీ ఎదుటివాణ్ణి ఎంత కాపాడుతుందో ఇచ్చినవాణ్ణీ అంత కాపాడుతుంది. వరుసకు టోకెను, ముసలివాళ్ళకు నాలుగు కుర్చీలు, తాగటానికి నీళ్ళు కూడా ఈ లెక్కలోవే. ఇవి మర్యాద కోసమని అనుకుంటాం గాని నిజానికి రక్షణ ఏర్పాట్లు.

రెండో మెట్టు గది అమరిక. అధికారి కుర్చీ గది లోపలి మూలలో, ఎదుటివాడి కుర్చీ తలుపు దగ్గర ఉండటం మన ఆనవాయితీ. గొడవ అయితే బయటికి పోవడానికి అధికారికి దారే లేదు. బల్ల తిప్పి వేయడానికి ఖర్చు ఏముంది? వెనక రెండో తలుపు ఉంటే మరీ మంచిది. ఇసుక, మద్యం వంటి తనిఖీలకు ఒక్కరినే పంపకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. 2015 జూలైలో ఇసుక తవ్వకం అడ్డుకోబోయిన ముసునూరు తాసీల్దారు వనజాక్షి గారిపై జరిగిన దాడి తెలిసిందే.

శిక్షలకు మన దగ్గర కొరత లేదు. ప్రభుత్వోద్యోగిని విధుల్లో అడ్డుకుంటూ దాడి చేస్తే భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు. వైద్య సిబ్బందిపై దాడి చేస్తే 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, 50 వేల వరకు జరిమానా. అయినా 2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ డాక్టరు హత్య తరువాత సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్సు నియమించవలసి వచ్చింది. డాక్టర్లు అప్పుడు అడిగినవి ఏమిటి? రాత్రి డ్యూటీలో విశ్రాంతికి గది, దానికి గడియ, నడవాలో దీపం.

ఇక మూడో రకం, లోపలి దౌర్జన్యం. ఇది కష్టమైనది. ఫిర్యాదు పై అధికారికి ఇవ్వాలి, కొట్టేది ఆ పై అధికారే అయితే? కాంట్రాక్టు ఉద్యోగమైతే నోరెత్తితే వచ్చే ఏడాది రెన్యువల్ ఉండదు. చెయ్యి లేచే మనిషి సాధారణంగా మొదట గొంతు లేపి ఉంటాడు, తరువాత ఫైలు విసిరి ఉంటాడు. ఆ చిన్నవాటిని రాసుకునే పుస్తకం, వాటిని వినే బయటి మనిషి ఉంటే పెద్దది జరగకముందే తెలుస్తుంది.

ఒక్క లైంగిక వేధింపు విషయంలో మాత్రం మన దేశంలో ఇట్లాంటి ఏర్పాటు చట్టంగా ఉంది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు 1992లో అత్యాచారానికి గురైన భన్వరీదేవి కథ దానికి మూలం. ఆ సంఘటన దరిమిలా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు ఇచ్చింది. (మన విశాఖపట్నం కాదు, వ్యాజ్యం వేసిన సంస్థ పేరు.) దాని ఆధారంగా 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలు, ఒకరు బయటివారు. ఫిర్యాదు మూడు నెలల్లోగా ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయని యజమానికి 50 వేల వరకు జరిమానా.

ఆ బయటి సభ్యురాలే ఈ చట్టంలో అసలు కీలకం. ఆమెకు ఆ ఆఫీసులో ప్రమోషను అక్కరలేదు. మాస్కు పెట్టుకోమన్నందుకు కొట్టడం వంటిది ఈ చట్టం కిందకు రాదు. అటువంటివాటిని కూడా వినే అధికారం ఇదే కమిటీకి ఇస్తే ఏమిటి నష్టమో నాకు అర్థం కాదు.

మా ఊళ్ళలో నిమ్మతోటలకు, పొగాకు పనులకు ఆటోల్లో వెళ్ళే ఆడకూలీలకు అంతర్గత కమిటీ ఉండదు. వాళ్ళకోసం జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలనీ, మండలానికొక నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకొని ఏడు రోజుల్లో దానికి పంపాలనీ అదే చట్టం చెబుతోంది. ఆ అధికారి పేరు చెప్పమని మా వీధిలో కూలికి వెళ్ళే పదిమందిని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. సచివాలయం గోడమీద ఎన్నో బోర్డులు ఉన్నాయి, ఆ ఒక్క పేరు లేదు.

కాలేజీ కూడా ఈ చట్టం దృష్టిలో పనిచేసే చోటే. 2015 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదు వచ్చినప్పుడు కమిటీలో ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలి. డిగ్రీ నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, పరిశోధక విద్యార్థి ఒకరు. వారిని నామినేట్ చేయడం కాదు, ఎన్నుకోవాలి. మన సంఘం ఎన్నికల్లో క్రీడల కార్యదర్శి పదవికి ఎంత పోటీ ఉంటుందో మనకు తెలుసు. వచ్చే ఎన్నికల నోటీసులో ఈ మూడు స్థానాలు కూడా చేర్చమని సంఘాన్ని ఈ సంచిక ముఖంగా అడుగుతున్నాను.