మిగులు వేరు, ఎంగిలి వేరు

తెలుగువారి వంటయింటిలో రెండు మాటలు ఎన్నడును కలియవు. వడ్డింపక గిన్నెలో నిలిచినది మిగులు. చేయి తగిలినది ఎంగిలి. మొదటిదానిని ఇంకొకరికి పెట్టవచ్చును, రెండవదానిని పెట్టరాదు. విందులలో మిగిలిన ఆహారమును ఆకలిగొన్నవారికి చేర్చు సేవాసంఘములు నేడు పెక్కు పట్టణములందు పనిచేయుచున్నవి. వాటి పనికి ఈ చిన్న భేదమే పునాది.

పెండ్లికి ఎందరు వత్తురో ముందుగా తెలియదు. బంతిలో అన్నము చాలలేదన్న మాటను ఏ ఇంటివారును భరింపలేరు. కావున వంటవారు లెక్కకు మించియే బియ్యము పోయుదురు. కడపటి బంతి లేచునప్పటికి రాత్రి పదకొండు గంటలగును. గుండిగలలో పులిహోర, పప్పు, సాంబారు ఇంకను ఉండును. తినవలసినవాడు ఊరి ఆ కొసను పస్తు పండుకొని యుండును. ఇచ్చట కొరవడినది అన్నము కాదు, దయయు కాదు, సమయము.

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. అమెరికాలోని ఫీనిక్సు నగరమున జాన్ వాన్ హెంగెల్ అను నాతనికి, అంగళ్ళవారు పారవేసిన సరుకులు ఏరుకొని పదిమంది బిడ్డలను సాకుచున్న ఒక తల్లి కనబడినదట. ఉన్నవారు దాచుటకును, లేనివారు తీసికొనుటకును బ్యాంకువంటిది ఆహారమునకును ఉండవలెనని ఆమె సూచించినదట. 1967లో ఆతడు ఆహార బ్యాంకును స్థాపించెను. అయితే డబ్బాలోని సరుకు నెలల తరబడి నిలుచును. వండిన అన్నము నిలువదు.

వండిన ఆహారము 5 నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో నున్నంతసేపు సూక్ష్మజీవులు త్వరితముగా పెరుగును. అన్నమునందు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి విడుచు ఒక విషము మరల కాచినను నశింపదు. కావున రాత్రి మిగిలినదానిని తెల్లవారి వేడిచేసి పంచుదమన్న సదుద్దేశము ప్రమాదకరము. ఇట్టి కారణములచేతనే 2019లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మిగులు ఆహారము పంపిణీకి నిబంధనలు చేసినది. ఆహారము పేరు, ఎచ్చటినుండి వచ్చినది, ఎన్నడు వండినది తెలుపవలెను. బీదవాని కడుపునకు వేరు ప్రమాణము లేదనుటయే దీని భావము. 2014లో ఢిల్లీలో ఆరంభమైన రాబిన్ హుడ్ ఆర్మీ ధనము స్వీకరింపదు. సభ్యుల కాలమును, శ్రమనే కోరును. వండిన అన్నమునకు కావలసినదియు అదియే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారము 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయినది. అందు నూటికి 60 పాళ్ళు ఇండ్లలోనే. కనుక ఈ పని పెండ్లి పందిళ్ళతో ముగియదు. హాస్టలు భోజనశాలలో వారము దినములు ఎంత వండిరి, గిన్నెలలో ఎంత మిగిలినది, కంచములలో ఎంత వదలిరి అని విద్యార్థులు వ్రాసిపెట్టినచో, అది గణిత పాఠమును అగును, నీతి పాఠమును అగును. వండుటకు ముందు లెక్క సరిచూచుట మొదటి దానము. కడపటి బంతి కూర్చుండకమునుపే సేవాసంఘమునకు కబురు పంపుట రెండవ దానము.

గోదావరి సీమలోని లంకల గన్నవరమున, వేళకాని వేళ వచ్చినవారికి సహితము వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారు (1841-1909) పెట్టినది అతిథికి పెట్టు అన్నము. మిగిలినది పంచునప్పుడును ఆ గౌరవమే ఉండవలెను. మన ఇంటికి వచ్చిన చుట్టమునకు ఈ గిన్నెలోనిది వడ్డింతుమా? వడ్డింతుమన్న ధైర్యమున్నచో వెంటనే పంపవలెను. సంకోచము కలిగినచో ఎవరికిని పంపరాదు.