సినిమాకి రాయడమంటే



కిందటి నెల ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, మా కనిగిరి ఎండకి ఇంట్లో కూర్చోలేక, వరండాలో చాప వేసుకుని చింతపండు ఈనెలు తీస్తున్నాను. మా వీధిలో మిషను కుట్టే చెల్లెలు వచ్చి పక్కన కూలబడింది. వెనకాలే వాళ్ళమ్మాయి, చేతిలో ఒక నోటుబుక్కు.

"అక్కా, నువ్వు రేడియోలో మాట్లాడతావు గదా, దీనికి నువ్వన్నా చెప్పు. డిగ్రీ అయిపోయింది, బీఈడీ చదవమ్మా అంటే సినిమాలకి కతలు రాస్తానంటంది. హైదరాబాదు నించి ఎవురో ఫోను చేశాడంట. ముప్పై వేలు కడితే రైటరుగా పెట్టిస్తాడంట. నా గాజులు కుదవ పెడదామంటంది" అని ఒక్క గుక్కలో చెప్పి కళ్ళొత్తుకుంది.

నేను పదో తరగతి దాకా చదివినదాన్ని. పది నిమిషాల ప్రసంగం రాసుకోవడానికే మూడు రాత్రులు పడుతుంది నాకు. సినిమావాళ్ళ సంగతి నాకేం తెలుసు? కాకపోతే డి.వి.నరసరాజుగారు రాసిన 'తెరవెనుక కథలు' చదివినదాన్ని గనక, ఆ ధైర్యంతో ఆ అమ్మాయికి నాలుగు మాటలు చెప్పాను. అవే ఇవాళ మీతోనూ చెప్పుకుంటున్నాను. ఈ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా ఫోను చేతిలో పట్టుకుని కథలల్లే పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటున్నారు కదా!

మొట్టమొదట ఆ ముప్పై వేల సంగతి. ఈ వ్యాపారంలో డబ్బు నిర్మాత దగ్గర నుంచి రచయితకి వస్తుందే గాని, రచయిత దగ్గర నుంచి అటు పోదు. అడ్వాన్సు అనేది రాసేవాడు పుచ్చుకునేది. రాసేవాణ్ణే ఎదురు కట్టమన్నాడంటే వాడు సినిమా తీసే మనిషి కాదు. "గాజులు చేతికే ఉంచుకో చెల్లీ" అన్నాను. సగం ఏడుపు అక్కడే ఆగింది.

ఇక సినిమా రాయడమంటే ఏమిటి? తెర మీద పేర్లు పడేటప్పుడు కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అని విడివిడిగా వేస్తారు, చూస్తూంటాం. మూడూ ఒకటే అనుకుంటాం. కాదు. అత్త కోడలిని ఇంట్లోంచి వెళ్ళగొట్టింది, అది కథ. ఆవిడ తిడుతూంటే కొడుకు తలుపు వెనకాల నిలబడి వింటున్నాడని మనకి ముందే చూపించాలా, తిట్లన్నీ అయ్యాక చూపించాలా? ముందే చూపిస్తే అత్తగారు అనే ఒక్కొక్క మాటకీ మన గుండె దడదడలాడుతుంది. తర్వాత చూపిస్తే ఒక్కసారిగా ఉలిక్కిపడతాం. ఈ వరస తేల్చేదే స్క్రీన్‌ప్లే. ఆ అత్తగారి నోట్లోంచి వచ్చేవి మాటలు. మూడూ ఒక్కరే రాయవచ్చు, ముగ్గురు రాయవచ్చు, పది మంది కూర్చుని కొట్లాడుకుంటూ రాయవచ్చు కూడాను.

నరసరాజుగారిది సత్తెనపల్లి దగ్గర తాళ్ళూరు, పుట్టింది 1920లో. ఎం.ఎన్.రాయ్ భావాలంటే ఇష్టపడ్డ హేతువాది. 'నాటకం' అనే పేరుతోనే ఒక నాటకం రాసి పేరు తెచ్చుకున్నారు. కె.వి.రెడ్డిగారు తీసిన 'పెద్దమనుషులు' (1954)తో సినిమాల్లోకి వచ్చారు. ఆ సినిమాకి మూలం ఎక్కడో నార్వే దేశపు ఇబ్సెన్ రాసిన నాటకం. చూస్తే మాత్రం మన మునిసిపాలిటీ ఛైర్మన్ కథలాగే ఉంటుంది. రాష్ట్రపతి రజత పతకం వచ్చింది దానికి.

కె.వి.రెడ్డిగారి పద్ధతి చెబితే మీరు నవ్వుకుంటారేమో. షూటింగుకి ముందే స్క్రిప్టు మొత్తం పూర్తికావాలి. ఏ సీను ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పట్టుకుని లెక్క కట్టుకునేవారు. మేం రేడియోకి రాసేవాళ్ళమూ అంతే. నేను వంటింటి గోడ గడియారం చూస్తూ ప్రసంగాన్ని పైకి చదువుకుంటాను, పన్నెండు నిమిషాలొస్తే ఏడుస్తూ రెండు నిమిషాలు కోసేస్తాను. నాకు బాగా నచ్చిన వాక్యాలే ఎప్పుడూ అడ్డం వస్తాయి, అదేం చిత్రమో!

హేతువాది అన్నాను కదా, ఆయనే 1967లో 'భక్త ప్రహ్లాద'కి మాటలు రాశారు. 1977లో 'యమగోల'కీ రాశారు. సొంత నమ్మకం సొంతానిదే, పాత్ర నమ్మకం పాత్రదే. ప్రహ్లాదుడి చేత హేతువాదం మాట్లాడిస్తే సినిమా ఏమవుతుంది?

ఇప్పుడు మనందరికీ తెలిసిన 'గుండమ్మ కథ' దగ్గరకి వద్దాం. మా అమ్మ టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని చూసిందట. నేను టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. దానికి మూలం 1958లో విఠలాచార్యగారు తీసిన కన్నడ సినిమా. విజయావారు హక్కులు తీసుకుని మాటలు రాయమని నరసరాజుగారికి అప్పగించారు. ఆయన రాశారు. మొదట అనుకున్న దర్శకుడికి ఆ వరస నచ్చలేదు, తప్పుకున్నారు. అప్పుడు చక్రపాణిగారు కలగజేసుకున్నారు. మన ఇళ్ళలో పిల్లలు చదివిన 'చందమామ' చక్రపాణిగారే. ఆయన కథని మళ్ళీ మొదటికి తీసుకుపోయి, షేక్‌స్పియర్ నాటకంలోని పొగరుబోతు భార్య సంగతి ఒకటి తెచ్చి కలిపి, స్క్రీన్‌ప్లే అంతా తిరగ్గట్టారు. కన్నడంలో గుండమ్మకి మొగుడున్నాడు. ఆ పాత్రని తీసేశారు. ఎంత తెలివైన పని చూడండి! మొగుడంటూ ఉంటే, సవతి పిల్లని అన్ని బాధలు పెడుతూంటే నువ్వేం చేస్తున్నావయ్యా అని మనమే అడుగుతాం. లేకపోతే ఇల్లంతా ఆవిడదే, పెత్తనమంతా ఆవిడదే.

పేరు కూడా చూడండి. గుండమ్మ అనేది మన తెలుగు పేరు కాదు, కన్నడం నుంచి వచ్చింది. ఇద్దరు పెద్ద హీరోలుండగా సినిమాకి సూర్యకాంతంగారి పాత్ర పేరు పెట్టడం ఆ రోజుల్లో ఎంత సాహసం! ఇంకో సంగతి గమనించారో లేదో, గుండమ్మ తెర మీద చేసే ఘోరాలు నిజానికి పెద్దగా ఏమీ లేవు. గయ్యాళి అని చుట్టుపక్కలవాళ్ళు చెప్పుకుంటారు, సూర్యకాంతంగారు చెయ్యి తిప్పుతారు, మిగతాదంతా మనమే ఊహించుకుంటాం. నూరో సినిమా చేస్తున్న రామారావుగారికి నిక్కరు తొడిగి రుబ్బురోలు దగ్గర కూర్చోబెట్టారు. 1962లో సినిమా విడుదలైనప్పుడు తెర మీద స్క్రీన్‌ప్లే చక్రపాణి, మాటలు నరసరాజు అని పడింది.

తన రాతని వేరొకరు తిరగరాస్తే మనమైతే అలిగి పుట్టింటికి పోమూ! నరసరాజుగారు కూర్చుని కొత్త వరసకి మాటలు రాశారు. అరవై ఏళ్ళు దాటినా ఆ మాటలు మన నోళ్ళలో ఆడుతున్నాయి. ఇదే సంస్థవారు ఇదే కథని తమిళంలోనూ తీశారు, అక్కడ అంతగా ఆడలేదు. ఎందుకంటే నాకు తోచినది ఒకటే, అక్కడ సూర్యకాంతం లేరు.

అలాగని అన్నీ వదులుకునే మనిషా అంటే, కాదు. ఒకే పోలికతో ఇద్దరు, ఒకడు పిరికివాడు, ఒకడు మొండివాడు అని ఒక కథ రాసి పెట్టుకున్నారు. బావ కొరడాతో కొడుతుంటే ఎదురు చెప్పలేని తమ్ముడు, మొగుడికీ తమ్ముడికీ మధ్య నలిగిపోయే అక్క. ఒకే నటుడు రెండు వేషాలు వేస్తే జనం ఒప్పుకుంటారా అని నిర్మాతలు వెనకాడారు. కథ ఆయన దగ్గరే ఉండిపోయింది. అప్పటికి 'అనురాగం' (1963) సరిగ్గా ఆడక దెబ్బతిని ఉన్న రామానాయుడుగారు దాన్ని తీసుకుని సురేష్ ప్రొడక్షన్స్ మొదలుపెట్టారు. అదే 1964లో వచ్చిన 'రాముడు భీముడు'. 1965లో తమిళంలో ఎం.జి.ఆర్.తో, 1967లో హిందీలో దిలీప్‌కుమార్‌తో తీశారు. మూడింటికీ దర్శకుడు తాపీ చాణక్యగారే. ఆ దారిలోనే బొంబాయిలో సలీం, జావేద్ అనే జంట ఇద్దరు అక్కచెల్లెళ్ళతో 'సీతా ఔర్ గీతా' (1972) రాస్తే, అది తిరిగి మన దగ్గరకి వాణిశ్రీగారి 'గంగ మంగ' (1973)గా వచ్చింది. చీటీపాటలో డబ్బులా కథ ఎన్ని చేతులు తిరిగిందో చూశారా!

ఆ సలీం, జావేద్‌లే 1973లో 'జంజీర్' వచ్చినప్పుడు పోస్టర్ల మీద తమ పేర్లు లేవని, మనిషిని పెట్టి బొంబాయి గోడల మీది పోస్టర్లకి రంగుతో తమ పేర్లు వేయించారని చెబుతారు. రాసేవాడి పేరుకి అంత కరువు.

పేరు సంగతి వచ్చింది గనక నా ముచ్చట ఒకటి చెప్పుకుంటాను. చాలా ఏళ్ళ క్రితం, మా ప్రాంతపు ఫ్లోరైడు నీళ్ళ మీద ఒక చిన్న నాటిక రాసి పోటీలకని ఒకరికి ఇచ్చాను. పోటీలో లేదన్నారు. మరుసటేడు ఇంకో ఊళ్ళో అదే నాటిక ఇంకొకరి పేరుతో ఆడారు. అడుగుదామంటే నా దగ్గర కాపీ లేదు, ఉన్న ఒక్క కాగితాల కట్టా వాళ్ళకే ఇచ్చేశాను. మా ఆయన "పోనీలే, నువ్వు మళ్ళీ రాయగలవు, వాళ్ళు రాయలేరు" అన్నారు. మాట బాగానే ఉంది గాని, రెండు రోజులు అన్నం సహించలేదు.

అందుకని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పాను. ఊరికే నోటితో చెప్పిన ఆలోచనకి కాపీరైటు లేదు. కాగితం మీద పెట్టిన రాతకే ఉంది. తేదీ వేసి రాసుకో, నకలు ఒకటి ఇంట్లో పెట్టుకో, హైదరాబాదులో రచయితల సంఘం ఉంది, ఎవరికైనా చెప్పేముందు అక్కడ నమోదు సంగతి కనుక్కో అన్నాను. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమాలో వాడిన రాతని సినిమాహాల్లో ఆడించడం కాక వేరే విధంగా వాడుకుంటే, అందులో రచయితకి రాయల్టీ వాటా ఉంటుంది. ఆ హక్కుని నిర్మాతకి రాసిచ్చేసినా చెల్లదు. నరసరాజుగారి తరానికి ఈ భరోసా లేదు.

"ఆడపిల్లకి ఇదంతా ఏందక్కా" అంది వాళ్ళమ్మ. మన ప్రాంతంలోనే ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారు తనే కథ రాసి 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్టు చేశారని చెప్పాను. మనం వారపత్రికల కోసం ఎదురుచూసిన రోజుల్లో యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు 'ప్రేమనగర్' (1971), 'మీనా' (1973), 'సెక్రటరీ' (1976) సినిమాలై వచ్చాయి. అయితే 'ప్రేమనగర్'కి మాటలు ఆత్రేయగారు రాశారు. నవల ఆవిడది, తెర మీది మాట ఆయనది. ఆ దూరం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. ఉన్నమాట దాచడమెందుకు? ఒంగోలు నాటకాల నుంచి వెళ్ళిన ఎం.వి.యస్.హరనాథరావుగారు 'ప్రతిఘటన' (1985)లో విజయశాంతి చేత మాట్లాడించినదంతా ఆడవాళ్ళ కడుపులోని మంటే. దాన్ని ఆడపిల్లే రాస్తే ఇంకెలా ఉండేదో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇంతకీ ఆ నోటుబుక్కు. బోరునీళ్ళు తాగి మోకాళ్ళు బిగుసుకుపోయిన ఒక అవ్వ, బెంగుళూరు పనులకి వలసపోయిన కొడుకు, వాడి కూతురు. నాకు నచ్చింది. కాని నాలుగో సీనులో అవ్వ నీళ్ళ గురించి మూడు పేజీలు ఉపన్యాసం ఇచ్చింది.

"మీ అవ్వ అట్లా మాట్లాడుతుందా?" అన్నాను.

"లేదు పెద్దమ్మా. మాట్లాడదు."

"మరేం చేస్తుంది?"

ఆ పిల్ల కాసేపు నా చాప వంకా, చింతపండు వంకా చూసింది. "కింద కూచోలేదు. ఇట్టా అందరూ కూచుని చింతపండు తీస్తా ఉంటే, గోడ పట్టుకుని నిలబడి చూస్తా ఉంటది" అంది.

"అది రాయి" అన్నాను.

పెన్సిలు తీసి మూడు పేజీలూ అడ్డంగా కొట్టేసింది. వాళ్ళమ్మ "అయ్యో, అంత కష్టపడి రాసుకుందే" అని నొచ్చుకుంది. కరెంటు వచ్చాక, ఆ అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి చదువుతూంటే నేను గడియారం చూశాను. పదకొండు నిమిషాలు వచ్చింది. నాలుగో సీనులో ఇప్పుడు మాటలు లేవు. బీఈడీ ప్రవేశపరీక్షకి దరఖాస్తు కూడా పెట్టించాం. రెండో కథ దసరాకి తెస్తానంది.